బాబాయి బస్సు, నా సైకిలు

డిగ్రీ అయ్యాక ఫ్యాషన్ కోర్సులో చేరతానంటే మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. కోటబొమ్మాళిలో మా అమ్మ ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టేది. క్రిస్మస్ వస్తోందంటే మా చర్చి పిల్లల గౌన్లన్నీ ఆవిడే కుట్టాలి. "నాలాగ జాకెట్లకాడే ఆగిపోకే. ఎల్లి సరిగ్గా నేర్సుకో" అంది. అలా విజయనగరం వచ్చి పిన్ని ఇంట్లో దిగాను. రెండు వేల పదిహేను ప్రాంతపు రోజులవి. పిన్నికి పిల్లలు లేరు. బాబాయి ఒక ప్రైవేటు కాలేజీ బస్సు నడిపేవాడు. నన్ను కన్నకూతురిలా చూసుకున్నాడు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే తరవాత చెప్పేది విని ఆయన్ని రాక్షసుడనుకుంటారు.

కోర్సు చెప్పే ఇన్‌స్టిట్యూట్ రింగు రోడ్డు దాటాక ఉండేది. షేర్ ఆటోల్లో ఒకరి చెమటలో ఒకరు నానుతూ వెళ్ళడం నాకు పడదంటే, బాబాయి ఎక్కడినుంచో ఒక పాత లేడీస్ సైకిల్ తెచ్చాడు. ఆదివారమంతా దాని ముందు కూర్చుని చైనుకి నూనె పట్టించాడు, బ్రేకులు బిగించాడు, సీటు నా ఎత్తుకి దించాడు. ఊళ్ళో బడికి సైకిల్ మీదే వెళ్ళినదాన్ని, తొక్కడం నాకు కొత్త కాదు. ఈ ఊరి రోడ్డే కొత్త.

ఆ రోడ్డు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరతాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు. గంటస్తంభం దగ్గర ఎవరు చెయ్యెత్తితే అక్కడ, వెనక ఎవరొస్తున్నారో చూడకుండా ఆటోలు అడ్డంగా ఆగిపోయేవి. వాటిని తప్పించుకుందామని పక్కకి జరిగితే మోటారుసైకిలు కుర్రాళ్ళు మోచెయ్యి రాసుకుంటూ పోయేవారు. ఒకడు వెళ్తూ వెళ్తూ నా నడుం మీద చరిచి, వెనక్కి తిరిగి పళ్ళికిలించాడు. ఇంటికొచ్చి ఆ చోటు తోలు మండేదాకా సబ్బుతో రుద్దుకున్నాను. బస్సుల హారన్లు చెవి వెనకే పేలేవి. కాలవ అంచుకి అతుక్కుని, ఆ మురుగు కంపు పీలుస్తూ, ఎవరికీ అడ్డం రాకుండా పోవడమే జాగ్రత్త అనుకునేదాన్ని.

ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి రోజే మేడమ్ నా చంకల దగ్గర చెమట మరకలు చూసి ముక్కు చిట్లించింది. "ఫ్యాషన్ అంటే ముందు మనం కనిపించే తీరు. సైకిల్ మీద వస్తే ఇలాగే ఉంటుంది" అంది అందరి ముందూ. ఏసీ గదిలో, తలల్లేని ప్లాస్టిక్ బొమ్మల పక్కన తల దించుకుని నిలబడ్డాను.

మొదటి పనిగా కోరా గుడ్డతో కుర్తా కుట్టమన్నారు. మెడ తీరు నాకే నచ్చక విప్పి మళ్ళీ కుట్టాను. ఇస్త్రీ చేసి, మడత నలగకుండా సైకిల్ బుట్టలో పెట్టుకుని వెళ్తుంటే, పక్కన పోతున్న కారు అద్దం దిగింది. లోపలున్న పెద్దమనిషి నోట్లో నములుతున్న గుట్కా అంతా బయటికి ఉమ్మాడు. సగం నా చేతి మీద పడింది, సగం కుర్తా మీద. వెచ్చగా ఉంది. అతను నన్ను చూశాడు. చూసి, అద్దం ఎత్తుకున్నాడు.

కుళాయి కింద ఎంత కడిగినా ఎర్ర మరక పోలేదు. మేడమ్ ఆ కుర్తాని రెండు వేళ్ళతో ఎత్తి "ఏంటిది?" అంది.

"ఎవరో ఉమ్మారు మేడమ్."

గభాల్న వదిలేసింది. నా పక్కనమ్మాయి కుర్చీ దూరంగా జరుపుకుంది. మార్కులు మాత్రం శుభ్రత లేదని తగ్గించారు.

వానలు ముదిరాక ఒక పొద్దున్న, రెయిన్‌కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని మూడు లాంతర్ల జంక్షన్ వైపు తొక్కుతున్నాను. వెనక నుంచి ఒక బస్సు హారన్ ఆపకుండా కొడుతూ వచ్చింది. అంచుకి జరిగాను. ఇంకా జరిగాను. బస్సు కూడా నా మీదికే జరిగింది. ఇక జరగడానికి చోటు లేక సైకిల్‌తో సహా కాలవలో పడ్డాను. మోకాళ్ళ దాకా నల్లటి బురద, అందులో తేలుతున్న కోడి ఈకలు, నోట్లోకి కూడా కొంచెం పోయింది. కొద్ది ముందు, కుడి వైపు మలుపు తిరుగుతూ నెమ్మదించిన బస్సు డ్రైవరు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది.

"సావడానికి నా బస్సే దొరికినాదేటే!"

ఆ గొంతు నాకు తెలుసు. ఆ ఖాకీ చొక్కా చేతికి మోచెయ్యి దగ్గర ఉన్న అతుకు ముందురోజు నేను వేసిందే. బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి నా మోకాలి కట్టు చూసి కంగారు పడ్డాడు.

"ఏటయ్యిందే? ఎవుడు గుద్దేసినాడు? బండి సూసినావా? సెప్పు, ఆడి పళ్ళు రాలగొడతాను."

"సూసినాను బాబాయ్. నీ బస్సే."

అన్నం వడ్డిస్తున్న పిన్ని గిన్నె కింద పెట్టేసింది. బాబాయి నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు.

"మూడు లాంతర్లకాడ రెయిన్‌కోటు ఏసుకున్నది నానే" అన్నాను.

"నువ్వని నాకు తెలీదు గదే!"

"నాను కాపోతే పర్లేదేటి?"

కంచం దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు మాత్రం బస్సు పక్కన అలగ దూరిపోతే ఎలగే? టైముకి ఎల్లకపోతే కాలేజీ గేటు మూసెత్తారు. పిల్లలందరూ నన్నే తిడతారు" అని పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు. క్షమించమంటాడేమో అని చూశాను. ముద్ద చేసుకుని తిన్నాడు. నా సైకిల్ చైనుకి ఓపిగ్గా నూనె పట్టించిన వేళ్ళే అవి. నా కంచం పక్కకి నెట్టి, చెయ్యి కడిగేసుకున్నాను.

చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. కోర్సు మానేసి ఊరెళ్ళిపోదామనుకున్నాను. అమ్మకి ఏం చెప్పాలో తోచక ఆగాను. చివరికి ఒకరోజు ఆయన అరుగు మీద చుట్ట కాలుస్తుంటే వెళ్ళి అడిగాను.

"నిజం సెప్పు బాబాయ్. సైకిలోలు రోడ్డు మీద ఎక్కడుంటే మీరు గుద్దరు?"

ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. "అంచున పోయేవోల్ని మేం లెక్కెయ్యం. ఆలే జరుగుతారులే అనుకుంటాం. కాలవకి ఓ బారెడు ఇవతల, తిన్నగా తొక్కేవోలుంటే తిట్టుకుంటాం గానీ ఎనకాలే ఆగుతాం. తిరిగే ముందు సెయ్యి సాపి మా మొహంలోకి సూడాల. సూస్తే గుద్దలేం. బస్సుకి ఎడం పక్కన మాత్రం దూరకు, అక్కడ మాకేటీ కనపడదు."

వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. అంచున పోయేవాళ్ళని లెక్కెయ్యరట! అయినా మర్నాటి నుంచి ఆయన చెప్పినట్టే తొక్కాను. అది పనిచేసింది. పనిచేసినందుకు ఇంకా రోత పుట్టింది.

కోర్సు చివర సొంత ఆలోచనతో ఏదైనా కుట్టమన్నప్పుడు, తోటి అమ్మాయిలు జరీ లెహంగాలు మొదలుపెట్టారు. నేను నిమ్మపండు రంగు పొట్టి కోటు కుట్టాను. చక్రంలో పడే చున్నీ అక్కర్లేకుండా ముందువైపు రెండు పొరలు, మూత ఉన్న జేబులు, భుజాల దగ్గర చెయ్యి చాపితే పట్టెయ్యకుండా వెనక మడత. మేడమ్ దాన్ని తిప్పి చూసి "మున్సిపాలిటీ వాళ్ళకా?" అంది. అందరూ నవ్వారు. పాసు మార్కులు మాత్రం వేశారు. కుర్చీ జరుపుకున్న అమ్మాయి వారం తిరక్కుండా వచ్చి, తను స్కూటీ మీద వెళ్ళేటప్పుడు వేసుకోవడానికి అలాంటిదే కుట్టిపెడతావా అని అడిగింది. ఆమెకి కుట్టాను. అడిగినందుకు సంతోషమేసింది గానీ ఆ కుర్చీ చప్పుడు చెవిలోంచి పోలేదు.

ఆ కోటు వేసుకుని వెళ్తున్న ఒక ఉదయం, వెనక బాబాయి బస్సు హారన్ వినిపించింది. నేను బారెడు ఇవతలే ఉన్నాను. ఆయన కొడుతూనే ఉన్నాడు, బస్సులో పిల్లలు ఈలలేశారు, ఇంజిను వేడి నా వీపుకి తగిలింది. నేను హ్యాండిల్ తిప్పలేదు. జంక్షన్ దాకా ఆయన నా వెనకే వచ్చాడు. అక్కడ చెయ్యి చాపి, తిరిగి, ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు.

గెలిచానని అప్పుడేమీ అనిపించలేదు. గొంతు నిండా పొగ పట్టి, పక్కన ఆపి చాలాసేపు దగ్గాను. తరవాత క్లాసుకి వెళ్ళాను.