మోకు పట్టిన చేతులు

పైడిరాజు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు జంగ్లీఘాట్‌లో లేరు. చాతం నుంచి బంబూ ఫ్లాట్‌కు తిరిగే ఫెర్రీని జెట్టీకి మోకుతో కట్టే, విప్పే పని అతనిది. ఇంట్లో టీ అయినా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే తాగుతాడు. వేళ్లు లుంగీ కొసను ముడేస్తూ, విప్పుతూ ఉంటాయి. బంబూ ఫ్లాట్ వైపున్న హ్యారియట్ కొండకు దారి అడిగే టూరిస్టులకు, "జల్దీ ఎల్లండి భయ్యా, మధ్యాన్నానికి మబ్బు కమ్మేస్తాది" అని చెబుతాడు. తను మాత్రం ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు.

భార్య బుల్లెమ్మకు మోకాళ్లు అరుగుతున్నాయి. "ఈ ఏడు దాటితే నా వల్ల కాదు, పైనుంచి సముద్రం ఒక్కసారి సూపించు" అని పట్టుబట్టింది. వారమంతా పైడిరాజు ప్లాను మార్చాడు. పొద్దున బస్సన్నాడు, సాయంత్రానికి నడకన్నాడు. పులిహోర చాలన్నాడు, కాసేపటికి రొట్టెలూ కావాలన్నాడు. సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్రయాణికుడిలా భార్యతో ఫెర్రీ ఎక్కాడు. బంబూ ఫ్లాట్ దగ్గరపడగానే డ్యూటీలో ఉన్నవాడి చేతిలోంచి మోకు లాక్కుని, జెట్టీ మీదికి దూకి కట్టాడు. బుల్లెమ్మ మెల్లగా దిగింది. స్కూటర్లు దిగాయి, వేరేవి ఎక్కాయి. హారన్ మోగింది. పైడిరాజు మోకు విప్పి, రోజూలాగే ఫెర్రీలోకి దూకేశాడు. మధ్యలో నీళ్లు వెడల్పయ్యాక గానీ తను చేసిన పని తెలియలేదు.

"ఏటయ్యా, కొండ అటుందేటి?" జెట్టీ మీంచి టిఫిన్ సంచితో బుల్లెమ్మ అరిచింది.

తిరుగు ఫెర్రీలో అతను వచ్చేసరికి ఆవిడ లేదు. టీకొట్టు ఆసామి నవ్వాడు.

"దీదీ ఆటోలో కొండకి ఎల్లిపోనాది. మధ్యాన్నానికి మబ్బు కమ్మేస్తాదంట, జల్దీ రమ్మంది భయ్యా."