అంకుల్ నంబరు

చర్చి అంకుల్ ప్రభువునందు నిద్రించారని గ్రూపులో మెసేజ్ చూసేసరికి నేను వార్డులో డ్యూటీలో ఉన్నాను. చేతిలో పని పూర్తిచేసి, మందుల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఢిల్లీలో నాకు తండ్రిలా నిలబడిన మనిషి ఆయన. ఆ మాట ఆయన బతికుండగా ఆయనతో ఒక్కసారీ అనలేదు.

ఆర్.కె. పురంలో ప్రభుత్వోద్యోగం చేసి, రిటైరయ్యాక ఫరీదాబాద్‌లో స్థిరపడ్డారు. జూలై వస్తే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక బల్ల వేసుకుని మా నర్సులందరి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులూ నింపేవారు. పైసా తీసుకునేవారు కాదు. టీ మాత్రం ఎవరు తెచ్చినా తాగేవారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు మొగుడిదీ తమదీ కలిపి ఒకటే వెయ్యొచ్చా అని అడిగితే నవ్వేవారు.

"కాపురం ఒకటే గానీ అమ్మాయ్, రిటర్ను ఎవరిది వాళ్ళదే."

అంత చెప్పిన మనిషీ నా పెళ్ళవగానే టాక్స్ ఖాతాలో నా ఫోన్ నంబరు తీసేసి మా ఆయనది పెట్టారు. డ్యూటీలో మా దగ్గర ఫోన్లుండవు, ఓటీపీ వస్తే చూసేదెవరని అంకుల్ బాధ. పెళ్ళయిన నర్సులందరికీ అలాగే చేసేవారు. నేనూ మంచిదే అనుకున్నాను.

తర్వాత విడాకులయ్యాయి, బాబు నా దగ్గరే ఉన్నాడు. అంకుల్‌కి మొహం చూపించలేక ఆ ఏడు రిటర్ను ఏదో షాపులో వేయించాను. బాబు పేర ఉన్న డిపాజిట్ వడ్డీని, విడాకులయ్యాక వాణ్ణి పెంచుతున్న నేనే నా ఆదాయంలో చూపించాలట. చూపించలేదు. జవాబిచ్చే గడువు ఇంకా నాలుగు రోజులుందనగా వాడి నాన్న ఒక్క వాక్యం పంపాడు, నీ టాక్స్ నోటీసు నా ఫోన్‌కొచ్చి నెలైందని.

అంకుల్ దగ్గరికి పరిగెత్తాను. పాస్‌వర్డ్ షాపువాడు పెట్టింది, నాకు తెలీదు, మార్చాలంటే ఓటీపీ మాజీ మొగుడి ఫోన్‌కే వెళ్తుంది. అంకులే అతనికి ఫోన్ చేసి బతిమాలారు. విడాకులకి కోర్టుకెళ్ళినప్పుడు నన్నడిగిందా అని అతను ఫోన్ పెట్టేశాడు. అంకుల్ ఫోన్ పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"తప్పు నాదమ్మా. నీ ఇంటి తాళంచెవి తీసుకెళ్ళి అతని జేబులో వేశాను."

అదృష్టం బాగుండి ఆధార్‌లో నా నంబరే ఉంది. దాని మీద వచ్చిన ఓటీపీతో ఖాతా తెరిచి, గడువులోపే జవాబు పంపించారు. ఆ తర్వాత వారాల తరబడి నోట్‌బుక్ ముందు పెట్టుకుని, తను నంబరు మార్చిన ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసి, మళ్ళీ ఎవరి నంబరు వాళ్ళకి పెట్టించారు. మా కాపురాల్లో నిప్పులు పోస్తున్నారా అని కొందరు మొగుళ్ళు తిట్టారు కూడా. ఆయన మానలేదు.

మొన్న అంకుల్ వాళ్ళింటికి, ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రిటైరైన టీచరు. ఈ ఏటి రిటర్ను నేను వేస్తానని కూర్చున్నాను. ఓటీపీ పంపమని నొక్కగానే అల్మారా మీద అంకుల్ ఫోన్ టింగుమంది. ఊరందరివీ మార్చిన మనిషి సొంత భార్యది మర్చిపోయారు. ఆయన మీద కోపం వచ్చింది. ఆ ఫోన్ తెర మీద కనిపించిన అంకెలు కొట్టి, నంబరు మార్చే పేజీ తెరిచి, మీ నంబరు చెప్పండి ఆంటీ అన్నాను.

ఆవిడ ఆ ఫోన్‌ని కొంగుతో తుడుస్తోంది.

"ఆయన నంబరే ఉండనీ అమ్మా. రీచార్జ్ చేయిస్తాలే."

అంకులైతే ఏమనేవారో నాకు తెలుసు. నేను అనలేకపోయాను. నంబరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. ఆంటీ లేచి వెళ్ళి, ఆ ఫోన్‌ని చార్జింగులో పెట్టింది.