నల్లబల్ల మీద మొదటి పుస్తకం

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే గుమాస్తాను వీధివీధంతా దెయ్యాల మావయ్య అనే పిలిచేది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషికి ఎంత చక్కగా అతికిన పేరో చూడండి!

ఏటా వానలు తగ్గి, పొద్దు తొందరగా గుంకడం మొదలవగానే ఆయన సుద్దముక్క పట్టుకుని గుమ్మం పక్కనున్న నల్లబల్ల దగ్గరికి బయల్దేరేవాడు. "ఈ శరత్కాలంలో వణికించే పది పుస్తకాలు" అని పైన పెద్దక్షరాలతో రాసేవాడు. కింద హారర్లూ థ్రిల్లర్లూ, ఒక్కోదానికి ఒక్కో హెచ్చరిక. ఒకదాన్ని గుండెజబ్బు వాళ్ళు ముట్టుకోకూడదు, ఇంకోదాన్ని ఒంటరిగా చదవకూడదు. జనం ఎగబడేవారు. మంగలిషాపులో కనిపించినా, "మావయ్యా, ఈసారి దేంతో చంపుతున్నారు?" అనే పలకరింపు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందన్నా పట్టించుకునే నాథుడు లేడు గానీ, ఆ బల్ల ముందు మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. దాని కోసమే మిగతా ఏడాదంతా ఎలాగో నెట్టుకొచ్చేవాడు.

చిన్న చిక్కేమిటంటే, ఈ పంతొమ్మిదేళ్ళలో వాటిలో ఒక్కటంటే ఒక్కటి చదివిన పాపాన పోలేదు. భయం. మరి ఎలా ఎంచేవాడంటారా? అదో శాస్త్రం. పుస్తకం వెనక అట్టలోపల తీసుకెళ్ళిన తేదీ, తెచ్చిచ్చిన తేదీ ముద్రలుంటాయి కదా. రెండు వారాలు ఉంచుకున్నారంటే నీరసం సరుకు. మూడు రోజుల్లో వస్తే ఫరవాలేదు. మర్నాడే వచ్చిందా, ఇక తిరుగులేదు, పాఠకుడు తిండి మానేసి చదివాడన్నమాట!

ఈ ఏడు మొదటి స్థానం ఓ నేలమాళిగ నవలకి దక్కింది. పన్నెండుమంది తీసుకెళ్తే పన్నెండుమందీ మర్నాడే తెచ్చిచ్చేశారు. "ఎలా ఉంది?" అని అడిగితే దర్జీ అటూ ఇటూ చూసి, "నేను చెప్తే ఏం బాగుంటుందండీ, మీరే చదవాలి" అన్నాడు. లెక్కల టీచరమ్మ అయితే మాట్లాడకుండా గబగబా మెట్లు దిగిపోయింది. పాపం ఇంకా వణుకు తగ్గలేదనుకుని మావయ్య మురిసిపోయాడు.

అంతలో కొత్త అధికారిణి వచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. అలాంటివాళ్ళతోనే ప్రమాదం.

"శనివారం పాఠకుల సమావేశంలో మీ మొదటి పుస్తకం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి" అంది మంగళవారం నాడు. "మీరు నిజంగా చదివే చెప్తున్నారనిపిస్తే బల్ల ఉంచుదాం. లేకపోతే తీసేసి కంప్యూటరిచ్చే జాబితా అతికిద్దాం. ఏమంటారు?"

ఏమంటాడు? "అలాగే మేడమ్" అన్నాడు. పైప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు సెలవు పెట్టాడు. కిటికీలన్నీ బార్లా తెరిచి, కుట్టుమిషను తెచ్చుకుని పక్కనే కూర్చోమని భార్యను బతిమాలుకుని, పుస్తకం విప్పాడు.

"ఏవండీ, ఆ చెమటేంటి?"

"ఉక్కగా ఉందిలే."

"ఇంకా మొదటి పేజీలోనే ఉన్నారు కదండీ!"

కానీ యాభై పేజీలు దాటాక మనిషి భోజనానికి లేవలేదు. నూరు దాటాక మిషను చప్పుడు ఆపమని కసిరాడు. కొత్తింట్లో అద్దెకు దిగిన ఓ నర్సు, నేలమాళిగలోంచి ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతు. ఆ పిల్ల ఆయనకు సొంత కూతురైపోయింది. "వెళ్ళకే తల్లీ, వెళ్ళకు" అని పైకే అనేశాడు. నూట డెబ్భై ఆరో పేజీ చివర ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. ఆత్రంగా ఎదుటి పేజీకి దూకాడు. నూట తొంభై మూడు. "ఆమె అంత్యక్రియలకు ముగ్గురే వచ్చారు."

ఓరి దేవుడా! మిగతాదంతా పరుగులు పెట్టి చదివాడు. తలుపు వెనక ఏముందో ఒక్కరూ నోరు విప్పరే! అందరికీ తెలిసిన సంగతేగా అన్నట్టు మాట్లాడుకుంటారు. కుట్టుదారం తెగి మధ్యలో పదహారు పేజీలు ఎప్పుడు ఊడిపోయాయో ఏమో.

వెనక ముద్రల వంక చూశాడు. అప్పుడు వెలిగింది బుర్ర. పేజీలు పోయిన పుస్తకం ఎవరి చేతిలో బయటపడితే వాళ్ళే కొత్తది తెచ్చివ్వాలని గ్రంథాలయంలో ఓ నియమం ఉంది. గోడ మీద దాన్ని రాసింది కూడా ఈ మహానుభావుడే. అందుకే పన్నెండుమందీ కిమ్మనకుండా మర్నాడే తెచ్చి వదిలించుకున్నారు. అమ్మ దొంగల్లారా!

శనివారం హాలు నిండిపోయింది. కోతలు కొయ్యడానికి మావయ్య సిద్ధపడే వచ్చాడు. తీరా లేచి నిలబడ్డాక ఆయన నోట్లోంచి వచ్చింది వేరు.

"ముందు నాకొక్కటి చెప్పండి. ఆ తలుపు వెనక ఏముంది?"

పన్నెండుమందీ నేలచూపులు. చివరికి దర్జీ తట్టుకోలేకపోయాడు. "నేను చింపలేదండీ బాబూ! నాకిచ్చేటప్పటికే లేవు!"

"నాకూ అంతే!" అని టీచరమ్మ లేచింది. "ఇదిగో, ఈయన చింపాడనుకున్నాను." పక్క కుర్చీలో ఉన్న పళ్ళడాక్టరు గయ్యిమన్నాడు.

అధికారిణి మావయ్య వైపు తిరిగింది. "మరి వెనక్కి తీసుకునేటప్పుడు మీరు తెరిచి చూడలేదా?"

"లేదు మేడమ్. నాకు భయం. ఇన్నేళ్ళలో ఒక్కటీ చదవలేదు, తేదీలు చూసి రాసేవాణ్ణి. ఇదే మొదటిది." చేతిలోని పుస్తకాన్ని ఆమె ముందు పెట్టాడు. "సిగ్గుగా ఉంది. బల్ల తీసేయండి. కానీ ఆ పిల్ల తలుపు మీద చెయ్యేసి మూడు రోజులైంది మేడమ్. తర్వాత ఏమైందో తెలీక నాకు ముద్ద దిగట్లేదు. కొత్త పుస్తకం నేనే తెస్తాను. బయటపడింది నా చేతిలోనే కదా."

ఎవరికీ నవ్వు రాలేదు.

తర్వాతి వారం నల్లబల్ల ఉన్నచోటే ఉంది. మొదటి వరసలో మావయ్య దస్తూరీ: "నేలమాళిగ నవల ప్రస్తుతం దొరకదు. నేను చదువుతున్నాను." దాని కింద పన్నెండుమందీ వరసగా పేర్లు రాసుకున్నారు. పదమూడో పేరు అధికారిణిది.

కొత్త పుస్తకం వెనక మొదటి రెండు ముద్రలకీ మధ్య సరిగ్గా రెండు వారాలుంది. మావయ్య శాస్త్రం ప్రకారం శుద్ధ నీరసం సరుకు. నూట డెబ్భై ఆరో పేజీ దాటడానికే ఆయనకు పదమూడు రోజులు పట్టింది.