పిప్పిపన్ను కెటిల్

పళ్ళ డాక్టరుగారు ఒకసారి ఒక రాగి కెటిల్‌కి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది నిద్రపోయాక పరీక్ష చేశారు.

సరే, ఇంజెక్షన్ మాట కొంచెం ఎక్కువైంది. సూది రాగిలో దిగదు. కానీ దాన్ని రోగుల కుర్చీలో కూర్చోబెట్టిన మాట నిజం. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టిన మాట నిజం. మూత తీసి, దీపం కిందికి లాగి, చిన్న అద్దం లోపలికి పోనిచ్చి, అలవాటుకొద్దీ "ఊఁ, ఎన్నాళ్ళనుంచి?" అని అడిగిన మాటా నిజమే. ఆ సమయానికి బయట బెంచీ మీద ఆ వీధి దర్జీ ఒక చెంప బెలూనంత చేసుకుని మూలుగుతున్నాడు.

"లోపల ఎవరండీ, ఇంతసేపు?" అని తలుపు దగ్గరికొచ్చి అడిగాడు.

"బాగా పెద్దవయసువాళ్ళు. తొందరపెట్టకూడదు," అన్నారు డాక్టరుగారు లోపల్నించి.

ఆయనకి కెటిళ్ళ పిచ్చి పట్టింది కూడా పళ్ళవల్లే. చేత్తో చేసిన పాతకాలపు రాగి కెటిల్‌ని తిరగేసి చూస్తే, అడుగు రేకూ పక్క రేకూ కలిసినచోట అతుకు పళ్ళు పళ్ళుగా కనబడుతుంది. పైవరస వచ్చి కిందివరసలో ఇమిడిపోతుంది. డాక్టరుగారు అన్నేళ్ళుగా మనుషుల నోళ్ళలోకి తొంగిచూస్తున్నా అంత పొందికైన పలువరస ఎక్కడా కంటబడలేదు. అంతే, మనసు పారేసుకున్నారు.

చూస్తూండగానే ఇల్లంతా కెటిళ్ళయింది. బట్టల బీరువా తెరిస్తే కొమ్ము పొడుచుకునేది. చుట్టాలొస్తే ముందు కుర్చీలోంచి కెటిల్‌ని లేపి, తరవాత వాళ్ళని కూర్చోబెట్టాల్సొచ్చేది. ఇంతాచేసి ఆ ఇంట్లో టీ మాత్రం గిన్నెలోనే కాచేవారు. పాతవాటిని పొయ్యెక్కిస్తే డాక్టరుగారికి ప్రాణం పోయినట్టుండేది.

పోనీ, వస్తువుని చూసి వయసు కట్టడంలో ఆయన ఘటికుడా అంటే, అదీ లేదు. సైకిల్ షాపు పైన ఒక గదిలో కెటిళ్ళ సంఘమని ఒకటుంది. నూరేళ్ళనాటిదని ఆయన అక్కడికి పట్టుకెళ్ళిన మొదటి కెటిల్‌ని గుడ్డపెట్టి తుడిస్తే అడుగున బార్‌కోడ్ బయటపడింది. రాణిగారు టీ తాగిన కెటిలంటూ తీసుకెళ్ళింది కాస్తా మొక్కలకి నీళ్ళుపోసే డబ్బా అని తేలింది. మూడోదాని అతుకు పళ్ళు ఎవరో ఆకురాయితో గీసినవి. పళ్ళ డాక్టరు కట్టుడుపళ్ళు పోల్చుకోలేకపోయాడని సంఘంవాళ్ళు కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు.

అందుకే సంఘానికి చూపించడానికని నాలుగోది ఇంటికొచ్చిన రోజున భార్య గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఏవండీ, ఈసారి కూడా వాళ్ళు నవ్వారనుకోండి, ఇక ఇంట్లో ఒక్క కెటిల్ ఉండటానికి వీల్లేదు. అవి ఉండాలి, లేదా నేనుండాలి."

డాక్టరుగారు ఒక్క క్షణం ఆగారు.

"ఆలోచిస్తున్నారా?" అంది ఆవిడ.

"అబ్బే! ఒప్పుకుంటున్నానే బాబూ. నవ్వితే అన్నీ పంపించేస్తా. నవ్వకపోతే మాత్రం నువ్వు మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

ఈసారి ఆయన ధైర్యానికి కారణముంది. పాతసామాన్ల కొట్టులో దొరికిన ఈ కెటిల్‌కి అతుకు పళ్ళు అసలైనవే. అంతకంటే వింత లోపల ఉంది. కొమ్ము మొదట్లో ఎప్పుడో చిల్లుపడితే, బఠాణీగింజంత బూడిదరంగు లోహంతో ఎవరో పూడ్చారు. అది తగరం కాదు, సీసం కాదు. గీకితే గీత పడదు, వేలు పెడితే ఎగుడుదిగుడు తగలదు. అది చూడటానికే ఆయన కెటిల్‌ని కుర్చీ ఎక్కించి దర్జీని బెంచీ మీద వదిలేశారు.

సంఘం సమావేశానికి భార్య కూడా బయల్దేరింది, నవ్వుని స్వయంగా విని రావడానికి. సాక్ష్యానికి తల్లిని వెంటబెట్టుకెళ్ళింది. ఆ అత్తగారికి పళ్ళ సెట్టు కట్టింది అల్లుడే. ఆవిడ దాన్ని ఫొటోలకి పెట్టుకునేవారు. భోజనం చేయాలన్నా కోపం రావాలన్నా తీసి పక్కన పెట్టేవారు. చెంప కాస్త తగ్గిన దర్జీ కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. తన వంతు లాగేసుకున్న ఆ పెద్దమనిషిని ఇక్కడికి తెస్తున్నారని విన్నాడు, ఎవరో చూడాలని అతని పట్టుదల.

అధ్యక్షుడు లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. భూతద్దం పట్టుకుని కెటిల్‌ని నాలుగువైపులా తిప్పి చూశారు. మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

"అతుకు అసలైనదే," అన్నారు చివరికి. "మరి లోపల ఈ బూడిదరంగు బిళ్ళేమిటి?"

"అదేనండీ అసలు సంగతి!" డాక్టరుగారు లేచి నిలబడ్డారు. "ఎవరో మహానుభావుడు, పేరైనా మిగల్చకుండా పోయాడు. చిల్లు అంచులు చెక్కి, అడుగు వెడల్పు చేసి, బిళ్ళ ఊడకుండా ఎలా బిగించాడో చూడండి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పని నేను చూడలేదు."

అధ్యక్షుడు మళ్ళీ చూశారు.

"ఇది మనకి దక్కకుండా పోయిన విద్య. కెటిల్‌ని మధ్య బల్ల మీద పెట్టండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు భార్య వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. ఇంట్లో కెటిళ్ళన్నీ గట్టెక్కినట్టే. ఆవిడ తల తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు పళ్ళ సెట్టు తీసి చేతిసంచీలో వేసుకున్నారు. అది చూసి అల్లుడుగారు గబుక్కున కూర్చున్నారు.

"ఇది మన కెటిలు కదే అమ్మాయీ!" అన్నారావిడ, గదంతా వినబడేలా. "మీ పెళ్ళైన కొత్తలో అల్లుడుగారు రోగులు రాక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, పోనీ చెయ్యి తిరుగుతుందని చిల్లుకెటిలు ఇచ్చాను. పిప్పిపన్నులో పెట్టే మందేదో దీంట్లో కూరారు. మొన్న ఇల్లు సర్దుతూ పాతసామాన్లకి వేసేశాను."

డాక్టరుగారికి అంతా కళ్ళకి కట్టింది. వసారా, స్టూలు, ఒళ్ళో కెటిలు, పక్కన కొత్త పెళ్ళాం. తన పని తనే పోల్చుకోలేకపోవడం ఆయన తప్పు కాదు. ఆయన పెట్టిన ఫిల్లింగు అంత పాతబడేదాకా నిలవడం ఆయన ఎన్నడూ చూసి ఎరగరు.

అధ్యక్షుడు మాత్రం తగ్గలేదు. "అమ్మగారూ, మీరు పొరబడ్డారు. ఇది ఎవరో సిద్ధహస్తుడి పని. మీ అల్లుడుగారి పనితనం నాకు తెలియదా? నా పన్నులో పెట్టింది ఆ సాయంత్రమే అన్నంలో కలిసిపోయింది."

డాక్టరుగారు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అధ్యక్షుడే ఆయన తరఫున వాదిస్తున్నారు, అత్తగారి మాట చాదస్తం కింద కొట్టుకుపోతుంది, కెటిళ్ళు దక్కుతాయి. ఆయన పెదవులు బిగించారు. బల్ల పట్టుకున్నారు.

"అసలు ఈ కాలం డాక్టర్లలో ఇలా పూడ్చగల మొనగాడు పుట్టనేలేదు," అన్నారు అధ్యక్షుడు.

డాక్టరుగారు ఇక ఆగలేకపోయారు.

"పుట్టాడండీ! అది నా పని! నా చేత్తో పెట్టిన ఫిల్లింగు!"

వెనక వరసలోంచి దర్జీ లేచాడు.

"అయితే డాక్టరుగారూ, కెటిల్‌కి అంత గట్టిది పెట్టి, నాకు పెట్టింది వారం తిరక్కుండా ఊడిపోయిందేంటండీ? నేను మీకేం అపకారం చేశాను?"

"నీ నోరు కుదురుగా ఉండదయ్యా. దాన్ని చూడు, ఇన్నేళ్ళు నిలిచింది!"

"నిలవక ఏం చేస్తుంది నాయనా," అన్నారు అత్తగారు. "ఆ రోజునించి అది పొయ్యెక్కితేగా! మందు కంపు కొడుతోందని ఆ పూటే అటక మీద పడేశాను."

అప్పుడు పుట్టిన నవ్వుకి కింద సైకిల్ షాపువాడు పంపు వదిలేసి మేడమీదికి పరిగెత్తుకొచ్చాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది డాక్టరుగారి భార్య. ఇక బేరాలు లేవు. మర్నాడే కెటిళ్ళన్నీ బండెక్కి సంఘం గదికి చేరాయి. ఇంట్లో మిగిలింది పిప్పిపన్నుది ఒక్కటే. దాన్ని ఆవిడే అల్మారాలో పెట్టుకుంది. అది తన పుట్టింటి వస్తువు కాబట్టి, డాక్టరుగారు ముట్టుకోవాలన్నా అడిగి ముట్టుకోవాలి.

ఈ సంగతి ఆయన్ని అడిగి చూడండి. చేతులు కడుక్కుంటూ నింపాదిగా చెబుతారు:

"కెటిలా? ఏం కెటిలండీ? సైకిల్ షాపుకి మేడే లేదు. మా అత్తగారివి ఇప్పటికీ సొంత పళ్ళే. దర్జీ అనేవాడు ఈ వీధిలోనే లేడు. నేనసలు టీయే తాగను."