నాన్న చిలుంలోని మసి

నా చిలుంను తోమేశాడు. అడగకుండా, లోపలి మసి ఒక్క పొర కూడా మిగలకుండా తోమేశాడు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిది వందల యాభైలలో మాట. మడకశిర దాటాక మా బస్సు చెడిపోయి రోడ్డు పక్కన ఆగింది. తోటి ప్రయాణికుడు, గొర్రెల కాపరి, ఒక్క దమ్ము అడిగితే చిలుం ఇచ్చాను. అది మా నాన్న వాడిన మట్టి చిలుం. ఇత్తడిదైతే చెయ్యి కాలుతుంది, రాతిది పొగను పీల్చుకోదు. మట్టి ఒక్కటే తాగినవాడి పొగను తనలో దాచుకుంటుంది. ఆయన పోయాక ఆ వాసన కోసమే దాన్ని గుంటూరు నుంచి ఎక్కడికెళ్ళినా వెంట తిప్పుకునేవాణ్ణి.

అతను తాగి, ఎండిపోయిన వంకలోకి దిగి, పిడికెడు ఇసుకతో లోపలంతా రుద్దాడు. పొగాకు జారకుండా అడుగున వేసే గులకరాయిని కూడా వదల్లేదు. తాను తాగడానికి సొరబుర్రలో దాచుకున్న నీళ్ళతో కడిగి, కొత్త కుండలా ఎర్రగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పైగా నవ్వు!

"ఎవరు తోమమన్నారయ్యా నిన్ను?"

"ఎవురూ చెప్పలేదన్నా. చెంబు అడిగినా, చిలుం అడిగినా మేము తోమే ఇస్తాము."

"ఆ మసి మా నాన్నదయ్యా! ఆయన బతుకంతా తాగిన పొగ!" అని అరిచాను. బస్సులోవాళ్ళంతా తొంగి చూశారు.

అతని నవ్వు ఆగిపోయింది. చిలుం వైపు చూసి అన్నాడు:

"మసి మీ నాయనదే అన్నా, కాదనను. ఎంగిలి నాది గదప్పా! నా ఎంగిలి నీ చేతికి ఎట్లిచ్చేది?"