టిబిలిసి పార్కులో మా ఊరి ఎత్తు

దెయ్యాలనీ శకునాలనీ ఎవరైనా మొదలుపెడితే, "అప్పుడు టైమెంత? ముందురోజు సరిగ్గా నిద్రపోయారా?" అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లే రకం నేను. గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఏళ్లుగా కోచింగ్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కారణం లేకుండా ఏదీ జరగదని చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. మా అన్నయ్య ఇవాళ క్షేమంగా ఉన్నాడు కాబట్టే ఈ సంగతి తీరిగ్గా రాయగలుగుతున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. అన్నయ్య అక్కడే పత్తీ, మిరపా వేస్తాడు. చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి నాకు చదరంగం నేర్పింది అన్నయ్యే.

మా ఊళ్లో పాత పద్ధతి ఒకటుంది. మామూలు ఆటలో రాజు ఒక్క గడే కదులుతాడు. మా దగ్గర మాత్రం ఆట మొత్తం మీద ఒక్కసారి, అదీ ఇంకా చెక్ పడకముందు, గుర్రంలా గెంతొచ్చు. అన్నయ్య ఆ గెంతును దాచి దాచి, ఇక దారి లేదనుకున్నప్పుడే వాడేవాడు. గెంతే ముందు రాజును బల్ల మీద రెండుసార్లు టక్కుటక్కుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినిపించిందంటే అన్నయ్య ఇరుక్కుపోయాడని నాకు పండగే.

మా అమ్మాయి జార్జియాలో డాక్టరు చదువుతోంది. కిందటేడు, ఇక్కడ మిరప పూత మీద ఉన్న రోజుల్లో, దాన్ని చూడటానికి టిబిలిసి వెళ్లాను. వాళ్ల హాస్టల్ ఎదురుగా పార్కు. అందులో పొద్దున్నే ముసలాళ్లు చేరి రాతిబల్లల మీద చదరంగం ఆడుతుంటారు. రెండు రోజులు చూశాను, మూడోరోజు ఆగలేక కూర్చున్నాను. చీర మీద స్వెట్టరూ, కాళ్లకు బూట్లూ వేసుకున్న ఆడమనిషి ఆడతానంటే వాళ్లకు నవ్వొచ్చినట్టుంది. పావుగంటలో ఆ నవ్వు తగ్గింది.

నా ఎదురుగా కూర్చున్నాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఉన్ని టోపీ, వణకని చేతులు. ఆయన రాజు మూలకు చేరాడు. ఇంకో ఎత్తులో చెక్ పెట్టేదాన్ని. చాలాసేపు ఆలోచించి ఆయన రాజును పైకెత్తాడు. బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. గుర్రంలా గెంతించి పెట్టాడు.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి గోలపెట్టారు. ఆయన తన చేతివంక చూసుకుని, సిగ్గుపడుతూ రాజును మళ్లీ పాత గడిలోనే పెట్టేశాడు. మా అమ్మాయి వచ్చీరాని ఆ భాషలో అడిగి నాకు చెప్పింది. యాభై ఏళ్లుగా ఆడుతున్నాడట, అలాంటి ఎత్తు ఎప్పుడూ వేయలేదట, చెయ్యి ఎందుకు అలా పోయిందో తెలియదట.

నాకైతే నవ్వే వచ్చింది. ఇది అన్నయ్యకు చెప్పకపోతే ఎలా అని అక్కడే ఫోన్ తీశాను. అక్కడ పదిన్నర, ఇక్కడ పన్నెండు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. అప్పుడు నా నవ్వు ఆగింది. ఎందుకో చెప్పలేను. వదినకు చేశాను.

"మిరపకి మందు కొడతన్నాడమ్మాయ్. ఫోను గట్టు మీద పెట్టుంటాడు. రెండింటికల్లా అన్నానికొస్తాడుగా, అప్పుడు చేయిస్తాలే," అంది.

అందులో తప్పేం లేదు. మందు కొట్టేటప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తరు. అయినా, "నువ్వెళ్లి చూసిరా వదినా," అన్నాను.

"పొయ్యి మీద కూరుందే!"

"కూర పోతే పోయింది, ముందు వెళ్లు!" అని ఆ పార్కులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. జీవితంలో ఎప్పుడూ వదిన మీద గొంతు లేపలేదు. ఆమె నొచ్చుకునే వెళ్లింది.

అన్నయ్య చేలో బోర్లా పడి ఉన్నాడు. నోట్లో నురగ. వీపున మందు కొట్టే తైవాన్ పంపు ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నల్లతామర పురుగు ఎంతకీ చావడం లేదని మూడు రకాల మందులు ఒకే ట్యాంకులో కలిపాడు. పొద్దున ఏమీ తినలేదు, ముక్కుకు తువ్వాలు కూడా కట్టుకోలేదు. మందు కొట్టే రోజు ఆ చేలోకి కూలీలను పిలవరు కాబట్టి చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. పక్క చేనువాళ్లు వదిన కేకలు విని పరిగెత్తుకొచ్చి, ఆటోలో సత్తెనపల్లి, అక్కణ్ణుంచి గుంటూరు చేర్చారు. ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు చెప్పాడట.

ఆ రెండు రోజులూ నేను ఎలా ఉన్నానో మా అమ్మాయికే తెలియాలి. మూడోరోజు ఫోన్ మోగింది.

"ఒసేయ్ చిట్టీ, కూర మాడిపోయిందని మీ వదిన ఇంకా తిడతానే ఉందే," అన్నాడు అన్నయ్య, పీలగొంతుతో. ఫోన్ పట్టుకుని పెద్దగా ఏడ్చేశాను. అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత నా పద్ధతిలో నేను ఆరా తీశాను. అక్కడా ఒకప్పుడు ఇలాంటి ఆచారం ఉండేదేమోనని మా అమ్మాయిని పార్కుకు పంపాను. అందరూ ఎరగమన్నారట. ఆ పెద్దాయన మళ్లీ సిగ్గుపడ్డాడట. పడిపోయే ముందు ఏం గుర్తొచ్చిందని అన్నయ్యను అడిగాను. "కళ్లు బైర్లు కమ్మినయ్యి, అంతే. నువ్వూ గుర్తు రాలా, ఆటా గుర్తు రాలా. ఆయనెవరో పరాకున ఆడుంటాడే," అన్నాడు. నిజం చెప్పొద్దూ, కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. పరాకున గెంతాడంటే ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు దెబ్బలు? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా ఫోన్‌లో ఆ కాల్స్ టైములు మాత్రం ఫొటో తీసి దాచుకున్నాను.

ఇప్పుడు అన్నయ్య మాస్కు కట్టుకుంటున్నాడు, కడుపునిండా తిన్నాకే పంపు ఎత్తుతున్నాడు. పని అయ్యాక నాకు ఫోన్ చేస్తానని ఒట్టు వేశాడు.

క్లాసులో ఎవరి ఫోన్ మోగితే వాళ్లు పది నిమిషాలు గుమ్మం బయట నిలబడాలని పిల్లలకు నేనే రూలు పెట్టాను. నిన్న పాఠం మధ్యలో నా ఫోనే మోగింది. ఎత్తాను.

"అయిపోయిందే. స్నానం చేసి అన్నానికి కూర్చున్నా," అన్నాడు అన్నయ్య.

ఫోన్ పెట్టేసి, సుద్దముక్క టేబుల్ మీద ఉంచి, వెళ్లి గుమ్మం బయట నిలబడ్డాను. లోపల పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. కళ్లు తుడుచుకోవడానికి నాకు ఆ పది నిమిషాలూ కావలసి వచ్చాయి.