తీగలక్క చెరిపిన సున్నా

మా ల్యాబులో అందరూ ఆవిడను తీగలక్క అనేవారు. నువ్వుగింజంత ఇనుప స్ఫటికం మీద, వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగలు నాలుగు, వెండి జిగురుతో అతికించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే స్టూలు, అదే మైక్రోస్కోపు. జిగురు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఆ సమయంలో తలుపు తోశామా, మా పని అయిపోయినట్టే.

ఆ జాతి స్ఫటికాలను బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు పూర్తిగా పోతుంది. అయస్కాంతానికి అతుక్కుపోయే ఇనుముతో అలా జరగడమే వింత. అందులో ఎలక్ట్రాన్లు రెండు గుంపులుగా ఉంటాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటూనే జంట కడతాయి. జంటల గుర్తు ఒక గుంపులో ప్లస్ అయితే రెండో గుంపులో మైనస్ అని మా అంచనా. ఈ సంగతి చెబితే అక్క పకపకా నవ్వింది.

"అచ్చం మా ఇల్లే! ఆయన ఔనంటే నేను కాదంటాను. ముప్పై ఏళ్లయింది, ఇంకా విడిపోలేదు."

నా డాక్టరేటంతా ఒక కొత్త స్ఫటికం మీదే ఆధారపడి ఉంది. మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, స్ఫటికాన్ని చల్లబరుస్తుంటే, తెర మీద అడ్డును చూపే గీత సున్నాకు పడింది. ప్రొఫెసర్ నా వీపు తట్టి, పేపరు మొదలుపెట్టమన్నారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

వారం తర్వాత అక్క ఆ స్ఫటికాన్ని చల్లబరిచే పరికరంలోంచి బయటికి తీసి చూసింది. ఒక తీగ మీద పక్క తీగ రాసుకున్న గుర్తుంది. కాస్త పొడుగు వదిలిన తీగ, చలికి వంగి పక్కదానికి తగిలింది. ఆ రెండూ ఓల్టేజి కొలిచే తీగలే; అవి కలిసిపోతే మీటరు సున్నా కాక ఇంకేం చూపిస్తుంది?

ఆవిడ కాంట్రాక్టు ఆ నెలాఖరుకే ముగుస్తోంది. ఈ మధ్య ఆవిడ వేళ్లు వణుకుతున్నాయని తెలిస్తే మళ్లీ తీసుకోరు. అయినా రెండు రోజుల తర్వాత ప్రొఫెసర్ గదికి వెళ్లింది.

"సార్, ఆ సున్నా స్ఫటికానిది కాదు. నా చెయ్యి వణికింది."

ఈసారి ప్రొఫెసరే కళ్లజోడు సవరించుకుంటూ తీగలు పెట్టారు. అడ్డు తగ్గింది గానీ పోలేదు. నా పేపరు అటకెక్కింది. ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు. నేను చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. సిగ్గులేని కోపం నాది.

చివరి రోజు ఆవిడ లెన్సులు తుడుస్తుంటే వెళ్లి నిలబడ్డాను.

"అక్కా, గీత మరీ నిటారుగా పడేసరికి, అది నిజం సున్నా కాదేమోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. చెప్పలేదు."

ఆవిడ తలెత్తలేదు.

"తెలుసు తమ్ముడూ. అందరూ గీత చూస్తుంటే నేను నీ మొహం చూశాను. ఆ గుర్తు కనిపించాక కూడా రెండు రోజులు ఆగాను. మళ్లీ కొలుద్దామని నువ్వు ఒక్క మాట అనుంటే, నా వణుకు ఎవరికీ తెలియకుండా గుట్టుగా తీగలు మార్చేసేదాన్ని."